అక్కడ ‘మనం’, ఇంటికొచ్చాక ‘అది’

శ్రీకాకుళం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ వీధీ బయటపెట్టొద్దన్నారు. ఆనవాళ్లు తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

ఆమెకి 31 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచరు. పుట్టిల్లు పలాస దగ్గర, ఉద్దానంలో ఒక పల్లె. భర్తకి 36, పైడిభీమవరం వైపు మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. పెళ్లయి ఏడేళ్లు, ఐదేళ్ల బాబు. మామగారు లేరు, అత్తగారు వీళ్లతోనే ఉంటారు. ఊళ్లో ఇద్దరూ కలిసి హోటల్లో తిన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చట. ఏడు రోడ్ల జంక్షన్లో టిఫినుకి ఆగితే వీళ్ల కంటే ముందే కబురు ఇంటికి చేరిపోతుంది. "ఇంట్లో వండలేదేటి?" అని అత్తగారు చిన్నబుచ్చుకుంటారు. అందుకని నాలుగేళ్లుగా ఏడాదికోసారి బాబుని ఆవిడ దగ్గర వదిలి నాలుగైదు రోజులు ఎటైనా వెళ్లొస్తున్నారు. పుదుచ్చేరి, కోల్‌కతా, గోవా, మొన్న ఆగస్టులో బెంగళూరు.

వెళ్లిన ఊళ్లో కొత్త కొత్త రెస్టారెంట్లు, పబ్బులు చూడటం ఆయనకి సరదా. నైట్ షిఫ్టులో కాస్త తెరిపి దొరికినప్పుడల్లా ఫోన్లో వెతికి లిస్టు రాసుకుంటారు. మొదట్లో ఈమెకీ అది పండగలాగే ఉండేది. పుదుచ్చేరిలో పొద్దున్నే బేకరీలో వేడి వేడి క్రోసాంట్లు తిన్నారు. సాయంత్రం ఆరయ్యాక బండ్లు ఆపేసే బీచ్ రోడ్డు మీద చెప్పులు చేత్తో పట్టుకుని రాత్రి దాకా నడిచారు. గోవాలో జీడిపండుతో కాచే ఫెనీ ఒక్క గుక్క తాగి ఇద్దరూ పొలమారి దగ్గారు. ఆ వాసనకి అమ్మమ్మ జీడితోట గుర్తొచ్చి ఈమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "పెళ్లయ్యాక నేను అంతగా నవ్వింది ఆ రోజే" అని రాశారు.

బెంగళూరులో వరస మారింది. రోజుకి నాలుగు చోట్లు. మొదటి రాత్రి పబ్బులో ఆయన "టీ అని ఉంది కదా, నీకిది సరిపోతుంది" అని పొడుగు గ్లాసులో ఐస్డ్ టీ తెప్పించారు. తియ్యగా ఉందని ఈమె గబగబా తాగేశారు. గంటలో కళ్లు తిరిగాయి, రూముకొచ్చాక వాంతులు. మర్నాడు సాయంత్రం "ఈ పూట వద్దండీ" అంటే "ఇంత దూరం వచ్చి రూములో కూర్చుంటామా? నువ్వు తాగకపోతే నాకు మూడ్ రాదు" అన్నారు. నిమ్మకాయ సోడాతో మూడు గంటలు కూర్చున్నారు. పాటల హోరులో ఒక్క మాట మాట్లాడుకోలేదు. బిల్లు ఏడు వేలు దాటింది.

ఆ రాత్రి ఆయన వాట్సాప్ స్టేటస్‌లో ముందురోజు తీసిన ఫోటో ఒకటి పెట్టారు. ఈమె ఎదురుగా ఆ పొడుగు గ్లాసు, పక్కన ఆయన బీరు. ఇంట్లోవాళ్లకి కనపడకుండా దాచడం మర్చిపోయారు. ఆడపడుచు చూసి తల్లికి పంపింది. తిరిగొచ్చాక అత్తగారు "ఏటిది?" అని అడిగితే ఆయన ఈమె ఎదురుగానే అన్న మాట: "నేను వద్దనే అన్నానమ్మా. అదే ఓసారి చూద్దామని సరదా పడింది."

అప్పటినుంచి అత్తగారు అవసరానికి మించి మాట్లాడటం లేదు. బాబుకి అన్నం మాత్రం ఎప్పట్లాగే కలిపి పెడతారు. "అమ్మ మర్చిపోతుందిలే" అంటారు ఆయన. ఈసారి ఏడాది తిరక్కుండానే, డిసెంబరులో మళ్లీ గోవాకి టిక్కెట్లు, రూము బుక్కయిపోయాయి. కొత్త లిస్టులో పదకొండు చోట్లున్నాయి. వెళ్లాలా, మానుకోవాలా? అత్తగారికి నిజం చెప్పాలా? అసలు తప్పు నాదేనా? ఇవీ ఆమె ప్రశ్నలు. చివర్లో చిన్న అక్షరాలతో ఇంకో ప్రశ్న రాశారు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగు పేజీల్లో మూడు పేజీలు హోటళ్లు, పబ్బులు, బిల్లులు, మీ కడుపులో వికారం. మీ ఆయన తల్లితో అన్న మాటకి రెండు వరసలు. ఆ వెంటనే "ఆయన మీద నాకేం కోపం లేదు" అని రాసి, దాని మీద కొట్టేసి, మళ్లీ అదే రాశారు. కొట్టివేత కిందున్న అక్షరాలు కూడా కనిపిస్తూనే ఉన్నాయి.

మీకు కోపం ఉంది. ఉండాల్సిన కోపమే. పబ్బుకి తీసుకెళ్లినందుకు కాదు, బెంగళూరులో వాంతులైనందుకు కూడా కాదు. అక్కడ టేబుల్ దగ్గర "మనం ఇది ట్రై చేద్దాం, మనం అక్కడికి వెళ్దాం" అన్న మనిషి ఇంటి గడప దాటగానే మిమ్మల్ని "అది" చేసేశాడు. ఇద్దరి సరదాని మీ ఒక్కరి తప్పుగా మార్చి తల్లి ముందు పెట్టాడు. పైగా మీరు నోరు తెరవలేరని తెలిసిన చోట. మీరు పబ్బుల గురించి ఎంత రాసినా నాకు ఉత్తరమంతా ఆ ముంగిట్లోనే నిలబడినట్టుంది.

"తప్పు నాదేనా" అన్నదానికి నా జవాబు: కాదు. మీ ఇష్టంతో మీరు బీరు రుచి చూశారు, ఫెనీ రుచి చూశారు. మీకు 31 ఏళ్లు. మన రాష్ట్రంలో మద్యం కొనడానికి 21 నిండాలి, గోవాలో 18. చట్టం దృష్టిలో మీరు చేసినదాంట్లో తప్పేమీ లేదు. ఇక ఇంటి మర్యాద అంటారా, ఆ మర్యాద ఇద్దరిదీ అయ్యుండాలి. కొడుకు గ్లాసు కనపడకుండా పోయి కోడలి గ్లాసు మాత్రమే కనపడిందంటే దానికి కారణం మీరు కాదు.

అయితే మీ అత్తగారిని కూడా మనం సరిగ్గా చూడాలి. ఉత్తరంలో మీరు దాటుకుంటూ వెళ్లిపోయిన ఒక వాక్యం నన్ను పట్టుకుంది. ఆవిడ తండ్రి సారాకి రెండెకరాలు పోగొట్టుకున్నారని, ఆవిడ చదువు ఐదో తరగతితో ఆగిపోయిందని రాశారు. ఆవిడకి ఇప్పుడు 62 అన్నారు. అంటే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించి, ఆ మంట రాష్ట్రమంతా పాకినప్పుడు ఆవిడకి ముప్పై లోపు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని సడలించడం, ఇవన్నీ ఆవిడ సంసారం నడుపుతూ చూసినవి. మీకు ఆ ఫోటోలో రంగు లైట్లు, నిమ్మచెక్క గుచ్చిన గ్లాసు కనిపిస్తాయి. ఆవిడకి కల్లు పాక, సారా కొట్టు, తాకట్టు పెట్టిన పొలం కాగితాలు కనిపిస్తాయి. ఆవిడ మౌనం అత్తరికం అనుకుని తీసిపారేయకండి. భయం కూడా అయ్యుండొచ్చు. కొడుకు ఎటు పోతున్నాడోనన్న భయం. ఆ భయాన్ని కొడుకు మీద చూపలేక కోడలి మీద చూపించడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే.

మీ ఆయన విషయం కూడా చెప్పాలి. ఆయన్ని చెడ్డవాణ్ని చేసి మీ చేతిలో పెట్టాలని నాకు లేదు. వారం పగలు, వారం రాత్రి డ్యూటీ, పొద్దున్నే వచ్చి పడుకోవడం, ఊళ్లో పెళ్లాంతో టిఫిను తినాలన్నా ఎవరు చూస్తారోనని బెరుకు. అలాంటి మనిషి అర్ధరాత్రి ఫోన్లో గోవాలోని పనాజీ వీధులు, బెంగళూరులోని ఇందిరానగర్ పబ్బులు వెతుక్కుంటున్నాడంటే ఆ లిస్టు ఆయనకి కిటికీ. ఏడాదంతా ఆ కిటికీలోంచి చూసి, దొరికిన నాలుగు రోజుల్లో అన్నీ చేసేయాలని ఆత్రం. ఇంట్లో తాగరని, జీతం జాగ్రత్తగా తెస్తారని మీరే రాశారు. తాగుబోతు లక్షణాలేవీ నాకు కనపడలేదు. కానీ "నువ్వు తాగకపోతే నాకు మూడ్ రాదు" అన్న మాట దగ్గర మాత్రం ఆగండి. తోడు కావాలనుకోవడం ఒకటి. తోడుగా ఉన్న మనిషి ఒంట్లోకి ఏం వెళ్లాలో తను నిర్ణయించడం ఇంకొకటి. మొదటిది ప్రేమే. రెండోదానికి మీరు తలొగ్గాల్సిన పని లేదు.

ఆ ఐస్డ్ టీ సంగతి. మీరు తాగింది లాంగ్ ఐలాండ్ ఐస్డ్ టీ అయ్యుంటుంది. అందులో టీ చుక్క కూడా ఉండదు. వోడ్కా, జిన్, రమ్, టెకీలా, నారింజ రుచి ఉండే ట్రిపుల్ సెక్, ఇన్ని కలిపి పైన కాస్త కోలా పోస్తారు, ఆ రంగు చూసి టీ అన్న పేరు. తియ్యగా ఉంటుంది కాబట్టి ఎంత తాగుతున్నామో తెలియదు. మీ ఆయనకీ తెలిసి ఉండదనే అనుకుంటున్నాను. "బీరే కదా" అని తేలిగ్గా తీసుకోవడం కూడా ఇలాంటి పొరపాటే. 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతం బీరంటే ఆల్కహాల్ 32 మిల్లీలీటర్లు దాటుతుంది. 60 మిల్లీలీటర్ల లార్జ్ విస్కీలో, 42.8 శాతం లెక్కన, 26 కూడా ఉండదు. ఆడవాళ్ల ఒంట్లో నీటి పాలు తక్కువ కావడం వల్ల అదే గ్లాసు మగవాళ్ల కంటే మనకి ఎక్కువ ఎక్కుతుంది. మీ వాంతులు మీ చేతకానితనం కాదు. ఆరోగ్యానికి ఫలానా మోతాదు దాకా ఫర్వాలేదని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. రెండో బిడ్డ ఆలోచన ఉందని రాశారు కదా, ఆ ప్రయత్నం మొదలుపెట్టినప్పటినుంచీ పూర్తిగా మానేయండి. గర్భిణికి క్షేమమైన మోతాదంటూ ఏదీ లేదు.

ఇప్పుడు గోవా. మీ ముందు నాకు కనిపిస్తున్న దారులు చెబుతాను. ఏ దారికైనా ఖర్చుంది.

టిక్కెట్లు రద్దు చేసుకోవచ్చు. మీ మనసు ఈ వారం దానివైపే మొగ్గుతోందని ఉత్తరం చూస్తే అర్థమవుతోంది. చేస్తే తాత్కాలికంగా ఊపిరి పీల్చుకుంటారు. కానీ మీ ఆయనకి అది శిక్షలా అనిపిస్తుంది, దేనికి శిక్షో మాత్రం తెలియదు. ఎందుకంటే మీరింకా ఆయనకి చెప్పలేదు. మీ అత్తగారేమో "కోడలు తప్పు తెలుసుకుంది" అనుకుంటారు. చేయని నేరం మీరే ఒప్పుకున్నట్టవుతుంది. అన్నిటికంటే నాకు బాధ ఇంకొకటి. మీరిద్దరూ ఇద్దరుగా ఉండే రోజులు ఈ ప్రయాణాల్లోవే. అవి పోతే మిగిలేది షిఫ్టులూ, హోంవర్కులూ.

నోరు మూసుకుని వెళ్లిపోవచ్చు. పదకొండు చోట్లూ తిరిగి రావచ్చు. చాలామంది ఇదే చేస్తారు, పెద్ద గొడవలేమీ కావు. కానీ మీరు ప్రతి గ్లాసు ముందూ "రేపు ఇది కూడా నా మీదకే వస్తుంది" అని లెక్కపెట్టుకుంటారు. ఆ లెక్కతో తింటే చేపల కూర కూడా రుచించదు. ఇంకో రెండేళ్లకి "నాకు ప్రయాణాలంటే ఇష్టం లేదు" అనడం మొదలుపెడతారు. అది నిజం కాదని, బీచ్ రోడ్డు మీద చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన మనిషికి ప్రయాణాలు ఇష్టం లేకపోవడమేమిటని అడగడానికి అప్పటికి ఎవరూ ఉండరు.

మూడోది, మాట్లాడి వెళ్లడం. నేను మొగ్గేది దీనివైపే. దీనికీ ఖర్చుంది. ఒక సాయంత్రం చాలా ఇబ్బందిగా గడుస్తుంది. ఆయన మొదట కస్సుమనొచ్చు, "ఏదో నోరు జారాను, అంత పెద్దది చేస్తావేం" అనొచ్చు. డ్యూటీ నుంచి వచ్చి నిద్రకి తూలుతున్నప్పుడు ఎత్తకండి, బాబు ఎదురుగా ఎత్తకండి. నాగావళి గట్టు మీదో, కళింగపట్నం బీచ్‌లోనో, ఇంటి గోడలు వినని చోట. లిస్టు సంగతి ముందు తేకండి, ఫోటో సంగతి కూడా తేకండి. ఒక్క మాట చెప్పండి: "అత్తయ్యగారి ముందు మీరు నన్ను ఒంటరిదాన్ని చేశారు. గోవాలో పక్కన కూర్చుంటాను, కానీ ఇంట్లో కూడా మీరు నా పక్కన ఉండాలి." ఆ తర్వాత ఆయన్ని మాట్లాడనివ్వండి. మీ మాటలు మీకు తెలుసు, వీటినే వల్లించక్కర్లేదు.

తల్లికి నిజం చెప్పాల్సింది ఆయన. మీరు కాదు. మీరు చెబితే ఆవిడ చెవికి అది "నీ కొడుకు అబద్ధమాడాడు" అని వినపడుతుంది, ఆవిడ కొడుకు వైపే నిలబడతారు. పైగా ఏడాదికోసారి బాబుని గుండెల మీద పెట్టుకుని చూసుకునేది ఆవిడే, ఆ దారి కూడా మూసుకుపోవచ్చు. ఆయన చెబితే వేరు. "అమ్మా, ఆ రోజు నేనే తీసుకెళ్లాను, నేనే తెప్పించాను, ఇద్దరం తాగాం, భయపడి తన మీదకి నెట్టాను" అంటే ఆవిడ కొడుకుని నాలుగు తిడతారు, ఏడుస్తారు కూడా. ఆ తిట్టు ఆయనకి రావాల్సిందే. తాత గారి రెండెకరాల సంగతి ఆయనకీ తెలుసు కదా. ఇంట్లో, ఊళ్లో తాను తాగనని ఆవిడకి మాటివ్వగలిగితే ఇవ్వమనండి. నిలబెట్టుకోలేని మాటైతే మాత్రం ఇవ్వొద్దనండి.

ఆయనకి ధైర్యం చాలకపోతే? చాలకపోవచ్చు. 36 ఏళ్ల మగవాళ్లు ఫ్యాక్టరీలో రియాక్టర్ల మధ్య నిలబడతారు, తల్లి కళ్లలోకి చూడలేరు. అలాంటప్పుడు గోవా బయలుదేరేలోపు అని గడువు పెట్టుకోండి. అప్పటికీ ఆయన చెప్పకపోతే మీ వంతు వరకే మీరు చెప్పండి: "అత్తయ్యా, నేను తాగిన మాట నిజమే. నా ఒక్కదాని సరదా మాత్రం కాదు." అంతకు మించి వద్దు. ఆయన్ని పట్టివ్వడం వద్దు. "నేనసలు ముట్టుకోలేదు" అనే అబద్ధమూ వద్దు, అది ఇంకో ఫోటోతో పటాపంచలవుతుంది. ఈ పని చేస్తే మీ ఇంట్లో కొన్నాళ్లు గాలి బరువుగా ఉంటుంది. గాలి ఇప్పుడు కూడా బరువుగానే ఉంది, మొయ్యడం మీ ఒక్కరి వంతయింది.

ఇక లిస్టు. పదకొండులో సగం కొట్టేయమని నేను చెప్పను, ఆ లిస్టు ఆయన రాత్రుల కష్టం. కానీ రెండో లిస్టు ఏది? మీది? ఉత్తరంలో ఎక్కడా లేదు. నాలుగు ప్రయాణాల్లో ఒక్క చోటైనా మీరు ఎంచారా? మీరూ రాయండి. గోవాలో పొద్దున్నే సైకిల్ మీద హారన్ కొట్టుకుంటూ వచ్చే రొట్టెలవాడిని పొదేర్ అంటారు, అతని దగ్గర వేడి పొయ్ రొట్టె కొనుక్కుని గట్టు మీద కూర్చుని తినొచ్చు. మాపుసాలో శుక్రవారం సంత ఉంటుంది, మన సంతల్లాంటిదే. పనాజీలో ఫోంటెన్యాస్ అనే పాత పేటలో రంగు రంగుల ఇళ్ల మధ్య నడవొచ్చు. మధ్యాహ్నం చిన్న హోటల్లో చేపల భోజనం చేయొచ్చు. సముద్రం పక్కన పెరిగిన మన జిల్లా మనిషికి అక్కడి కొబ్బరి, కోకం పులుపు కొత్తగానూ ఉంటాయి, మనవిగానూ ఉంటాయి. మధ్యాహ్నాలు మీవి, సాయంత్రాలు ఆయనవి అనుకోండి. సాయంత్రానికి ఒక్క చోటు. మీకు చాలనిపించినప్పుడు ఆయన ఇంకో గంట కూర్చోవచ్చు, మీరు రూముకి వెళ్లిపోవచ్చు. అందుకని పబ్బు రూముకి దగ్గర్లో ఉండేలా చూసుకోండి.

ఫెనీ గురించి ఒక్క మాట, ఇది మీ సమస్యకి సంబంధం లేనిదే. 2009లో ఫెనీకి, అది గోవాదేనని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. మన పలాస వైపు గింజ తీసుకుని జీడిమామిడి పండుని చాలావరకు పారేస్తాం. గోవావాళ్లు ఆ పండునే తొక్కి, పులియబెట్టి, బట్టీ పెడతారు. మీ అమ్మమ్మ తోటలో కుళ్లిన పండ్ల వాసన ఆ గ్లాసులోంచి రావడం మీ ఊహ కాదు, అదే పండు. ఆ సంగతి మీ ఆయనకి చెప్పారా? నాకు రాశారు గానీ ఆయనకి చెప్పి ఉండరని అనుమానం. చెప్పండి. ఆయన లిస్టులో ఎవరో పెట్టిన నక్షత్రాలు మాత్రమే ఉన్నాయి. మీ దగ్గర తోట ఉంది.

ఒక్క దాంట్లో మాత్రం నేను దారులు ఇవ్వను. పోయినసారి గోవాలో తాగాక అద్దె స్కూటర్ మీద వచ్చామని ఒక మూల రాశారు. ఇది బేరం లేని విషయం. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. జరిమానా మాట అలా ఉంచండి, ఇంట్లో ఐదేళ్ల పిల్లాడు ఉన్నాడు. ఆయన గ్లాసు ఎత్తితే బండి తాళాలు మీ దగ్గర, తిరుగు ప్రయాణం టాక్సీలో. ఒప్పుకోకపోతే వెనక కూర్చోకండి. అలిగినా సరే.

బిల్లులో సర్వీస్ చార్జీ అని వేశారని, ఆయన అడగలేదని రాశారు. అడగొచ్చు. దాన్ని బిల్లులో తమంతట తామే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటనే సమర్థించింది. మర్యాదగా తీసేయమంటే చాలాచోట్ల తీసేస్తారు, లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. మందు మీద జీఎస్టీ ఉండదు, రాష్ట్రం పన్ను ఉంటుంది, అందుకే తిండికీ మందుకీ పన్నులు విడివిడిగా కనిపించొచ్చు. చిన్న విషయమే గానీ, ఏడు వేలు మీ జీతంలో ఎంత భాగమో మీకు తెలుసు.

గోవాకి ముందు ఇంకో ప్రయాణం ఉంది, దానికి టిక్కెట్టు అక్కర్లేదు. మీ ఊళ్లోనే ఇద్దరూ కలిసి ఒక పూట బయట తినండి. నేను విజయనగరంలో, కోట దగ్గర, పదకొండు మంది ఉన్న ఇంట్లో కాపురం చేశాను. పెళ్లయిన కొత్తలో మావారితో దోసె తినాలంటే విశాఖ రైలెక్కేవాళ్లం, అమ్మవారి గుడికని చెప్పి. రైల్లో ఎవరైనా తెలిసినవాళ్లు కనిపిస్తే దోసె కూడా తినకుండా తిరిగొచ్చేసేవాళ్లం. అలా ఎనిమిదేళ్లు. ఒక రోజు మావారు తల్లితో "అమ్మా, ఈ పూట మేమిద్దరం బయట తింటాం" అని వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పారు. ఆవిడ అప్పటికే గిన్నెలో బియ్యం కొలిచారు. రెండు గిద్దెలు తీసి డబ్బాలో పోసేశారు, అంతే. ఇంటి కప్పు కూలలేదు. మేము గంట స్తంభం దాకా నడిచి వెళ్లి దోసె తిన్నాం. ఆ దోసె రుచి ఏమంత గొప్పది కాదు. నేను మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

కొన్నాళ్లకి మా అత్తగారినీ తీసుకెళ్లాం. అరవయ్యో ఏట ఆవిడ మొదటిసారి హోటల్లో కూర్చుని, ప్లేటు తెచ్చిపెట్టిన కుర్రాడికి "కూర్చో బాబూ, నువ్వు తిన్నావా?" అన్నారు. నలభై ఏళ్లు అందరికీ వడ్డించిన మనిషికి ఇంకొకరు వడ్డిస్తే ఏం చేయాలో తెలియలేదు. మీ అత్తగారు "ఇంట్లో వండలేదేటి" అన్నప్పుడు అందులో "నా వంట వద్దా" అనే బాధ ఉందేమో చూడండి. ఆవిడని ఎప్పుడైనా ఎవరైనా ఎక్కడికైనా తిండికి తీసుకెళ్లారా? అయితే ఇది ఇప్పుడే చేయకండి. కొడుకు నిజం చెప్పకముందు తీసుకెళితే లంచంలా ఉంటుంది, ఆవిడ పసిగట్టేస్తారు. చెప్పాక, ఆవిడ తిట్టడం అయ్యాక, ఒక ఆదివారం అరసవల్లి దర్శనం చేసుకుని, బాబుతో సహా నలుగురూ టిఫినుకి ఆగండి. ఊళ్లో వాళ్లు చూస్తారు. చూడనివ్వండి.

మీరు చివర చిన్న అక్షరాలతో అడిగింది: "పబ్బులో తాగకుండా కూర్చుంటే నవ్వుతారా? ఏమని ఆర్డర్ చెప్పాలి?" నవ్వరు. బండి నడపాల్సినవాళ్లు, మందులు వాడేవాళ్లు, ఇష్టం లేనివాళ్లు ప్రతి టేబుల్ దగ్గరా ఒకరుంటారు, వడ్డించేవాళ్లకి అది రోజూ చూసేదే. మెనూలో మందు కలపని పానీయాలకి మాక్‌టెయిల్స్ అని వేరే పేజీ ఉంటుంది, అందులోంచి చెప్పండి. పేరు చూసి మోసపోకుండా "ఇందులో ఆల్కహాల్ ఉందా?" అని మీ నోటితో మీరే అడగండి, ఆయన్ని అడగనివ్వకండి. గ్లాసు రాగానే ఒక గుక్క తాగి చూడండి. తేడాగా ఉంటే "నేను చెప్పింది ఇది కాదు" అని వెనక్కి పంపేయండి, మార్చి తెస్తారు.